వాగొడ్డు ఉప ఎన్నిక

ఒక పెద్ద అడవిలో, సింహంగారి రాజధానికి ఆరు రోజుల నడక దూరంలో, వాగొడ్డు అనే నియోజకవర్గం ఉండేది. దాని నడుమ నుంచి సుడులవాగు పారేది. ఇళ్ళు ఒక ఒడ్డున, మేత ఇంకో ఒడ్డున. ఏ వానాకాలమూ ఆ వాగు ఎవరో ఒకరిని పట్టుకుపోకుండా ఊరుకునేది కాదు.

అందుకే అక్కడ ఎన్నిక ఏదైనా హామీ ఒక్కటే, వంతెన. మొదటి ఎన్నికలో ఏనుగు పోటీ లేకుండా గెలిచింది. ఎదురు నిలబడే ధైర్యం ఎవరికుంటుంది? వాగు తన మోకాళ్ళ దాకా కూడా రాదు గనక, వంతెన ఎందుకో దానికి చివరిదాకా అర్థం కాలేదు. రెండోసారి నక్క నాగలింగం గెలిచి శంకుస్థాపన రాయి పాతాడు. మూడోసారి పార్టీ మారి మళ్ళీ తనే గెలిచి, పాత పార్టీ రాయి చెల్లదంటూ పక్కనే ఇంకో రాయి పాతాడు. నాలుగోసారి ఎలుగుబంటి గెలిచింది. ఏడాది తిరగకుండానే, ఓ సన్మానసభలో పనసపండ్లు మితిమీరి తిని ప్రాణం విడిచింది.

వాగొడ్డు చరిత్ర మలుపు తిరిగింది అక్కడే. ఉప ఎన్నిక వచ్చింది.

సింహంగారి ప్రభుత్వం దాన్ని పరువు సమస్యగా తీసుకుంది. నలభై రోజులు మంత్రులందరి మకాం వాగొడ్డులోనే. బురద దారులు చదునయ్యాయి. ఇంటింటికీ ఉప్పుగడ్డ వచ్చింది. సింహంగారు స్వయంగా వచ్చి ఒక కుందేలు ఇంట్లో భోజనం చేశారు, కుందేలును తినకుండా. ప్రభుత్వ ఏనుగులు దుంగలు మోసి వాగులో నాలుగు స్తంభాలు నిలబెట్టాయి. సింహంగారి తోడేలు గెలిచింది. ఓట్లు లెక్కపెట్టిన సాయంత్రానికి ఏనుగులూ లేవు, మిగిలిన దుంగలూ లేవు, తోడేలూ లేదు.

జనానికి విషయం బోధపడింది. ఎన్నికల్లో ఏమీ లేదు, ఉన్నదంతా ఉప ఎన్నికల్లోనే. ఇంకొక్కటి వస్తే స్తంభాల మీద వంతెన కూడా పడుతుంది. రాక ఎక్కడికి పోతుంది, కాస్త ముందుచూపుతో ఓటెయ్యాలి గానీ.

తర్వాతి ఎన్నికలో అడవిదున్న కాటమయ్యకు కనీవినీ ఎరుగని మెజారిటీ వచ్చింది.

కాటమయ్య ముసలివాడు. పోయిన వానాకాలమే ఆయన భార్యను వాగు తీసుకుపోయింది. అప్పటి నుంచి ఆయనకు మేత సయించక ఒళ్ళు చిక్కింది, దగ్గు పట్టుకుంది. నాకెందుకు ఈ పదవి అంటే జనం వినలేదు. సభలో రెండు ముక్కలు మాట్లాడేసరికి దగ్గు తెర వచ్చింది. జనం చప్పట్లు కొట్టారు. ఇంకా దగ్గాడు. ఈలలు వేశారు. ఉపన్యాసం చేతగానివాడిని కూడా ఇంత ప్రేమించే జనం ఉంటారా అని ఆయన కళ్ళు చెమర్చాయి.

గెలిచాక రాజధాని నుంచి ఆస్థాన వైద్యుడు కొంగ వచ్చి కషాయాలు పట్టింది. ఆరు నెలల్లో దగ్గు మాయమైంది, దున్న నిగనిగలాడింది. ఆ కబురు తెలిసిన రోజు వాగొడ్డులో సగం ఇళ్ళలో పొయ్యి వెలగలేదు.

చివరికి నిజం చెప్పింది పక్కింటి ఏదుపంది సాయమ్మ.

"కాటమయ్యన్నా, ఒక మాట చెప్త, మనసుల వెట్టుకోకు. నీకు ఓటెందుకేసినమో ఎరుకేనా?"

"మంచోన్నని ఏసిండ్రు."

"మంచోళ్ళు మస్తుమంది ఉన్నరు. నువ్వు జల్ది పోతవని ఏసినం."

"నువ్వు గూడ ఏసినవా సాయమ్మా?"

"మా ఇంటోళ్ళందరం ఏసినం. అబద్ధమెందుకు చెప్పాలె."

ఆ రోజంతా ఆయన మేత ముట్టలేదు. అవమానంతో ఒళ్ళు మండిపోయింది. అయినా సాయంకాలం వాగు ఒడ్డుకు వెళ్ళి, భార్య మునిగిపోయిన చోట నిలబడ్డాడు. ఎదురుగా నాలుగు స్తంభాలు నీళ్ళలో ఊరికే నానుతున్నాయి. వీటి మీద నాలుగు దుంగలు అప్పుడే పడి ఉంటే ఆమె ఇప్పుడు ఇంట్లో ఉండేది. అది తలుచుకున్నాక జనం మీద కోపం నిలవలేదు. ఎలాగైనా వంతెన పడాల్సిందే అనుకున్నాడు.

మర్నాడే బయలుదేరి, ఆరు రోజులు నడిచి, శాసనసభ స్పీకరు తాబేలుకు రాజీనామా ఇచ్చాడు.

"పరిశీలిస్తాం" అంది తాబేలు.

"ఎన్నడు పరిశీలిస్తరు?"

"నాకు తొందరేం లేదు నాయనా. మా వంశంలో మూడొందల ఏళ్ళ లోపు పోయినవాళ్ళు లేరు."

ఏడాది గడిచింది. రాజీనామా పరిశీలనలోనే ఉంది. మళ్ళీ వానలు మొదలై వాగు పొంగింది. ఒక తెల్లవారుజామున కాటమయ్య సాయమ్మ గుమ్మం ముందు నిలబడ్డాడు.

"సాయమ్మా, నేనియ్యాల సచ్చిపోత."

"అట్లనకే అన్నా! ఇప్పుడేమైందని?"

"నా కండువా వాగు ఒడ్డుమీద వడేస్త. కొట్టుకపోయిండని నువ్వు ఊరంత ఏడువు. నేను కిందిదిక్కు వెదురుపొదల ఉంట. వంతెన వడ్డంక అస్త."

సాయమ్మ ఏడ్చిన ఏడుపుకు వాగు హోరు కూడా వినిపించలేదు. వంతెన లేక సాక్షాత్తు ఎమ్మెల్యేనే వాగు మింగేసిందన్న కబురు రాజధానికి పాకింది. సింహంగారు మూడు రోజులు మాంసం తగ్గించారు. నాలుగో రోజు ఉప ఎన్నిక ప్రకటించి, కాటమయ్య కొడుకు ఐలేశానికే టికెట్టు ఇచ్చారు.

ఈసారి జనం తెలివి మీరారు. వంతెన మీద నడిచివెళ్ళే ఓటేస్తామని భీష్మించుకు కూర్చున్నారు. ప్రభుత్వ ఏనుగులు పరుగున వచ్చాయి, దుంగల మీద దుంగలు పడ్డాయి.

కాటమయ్య పొదలో కూర్చుని తన సంతాపసభలన్నీ విన్నాడు. జన్మలో తనకు నమస్కారం పెట్టని నక్క నాగలింగం మైకు పట్టుకుని, "కాటమయ్య అడవికి తండ్రి! అసుంటోడు మల్ల పుట్టడు!" అని భోరుమన్నాడు. ఆ మాటలకు కాటమయ్య కరిగిపోయి, లేచి వెళ్ళి నాగలింగాన్ని ఓదార్చబోయాడు. మేత ఇవ్వడానికి వచ్చి పక్కనే ఉన్న సాయమ్మ ముల్లుతో ఒక పోటు పొడిచి కూర్చోబెట్టింది.

"నువ్వు వోతే పగోడు గూడ మంచిగ మాట్లాడుతుండు. ఇంకో పదిదినాలు ఓపిక వట్టు."

పదిరోజుల్లో వంతెన పూర్తయింది. దానికి కాటమయ్య వారధి అని పేరు పెట్టారు. జనం దాని మీద నడిచి వెళ్ళి ఓట్లేశారు. ఐలేశం తండ్రి కంటే రెట్టింపు మెజారిటీతో గెలిచాడు.

ఫలితం వచ్చిన మర్నాడు ఉదయం కాటమయ్య వెదురుపొదలోంచి బయటికొచ్చాడు. ఆయనకు పట్టరాని సంతోషంగా ఉంది. ఒళ్ళు దులుపుకుని, అవతలి ఒడ్డు నుంచి వంతెన ఎక్కాడు. మేతకు వెళ్తున్న మందలన్నీ ఎదురొచ్చాయి. ముందు పూలదండతో ఐలేశం ఉన్నాడు.

"నాయినా!" అని ఐలేశం పరిగెత్తుకొచ్చి తండ్రి మెడ మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చాడు. అది దొంగ ఏడుపు కాదు. కాసేపటికి తల ఎత్తి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఎవలన్న చూసిండ్రా?"

"అందరు చూస్తనే ఉన్నరు గదరా."

నక్క నాగలింగం గొంతు సవరించుకుని ముందుకొచ్చాడు. "కాటమయ్యా, నువ్వు బతికుంటే నువ్వే ఎమ్మెల్యేవి. నువ్వే ఎమ్మెల్యేవైతే ఉప ఎన్నికే లేదు. ఉప ఎన్నిక లేకుంటే ఈ వంతెన ఏ లెక్కల కట్టినట్టు? సర్కారు ఏనుగులు ఇంక పొలిమేర దాటలేదు. పిలిస్తే ఒక్క జాముల దుంగలన్ని ఊడవీక్కపోతయి."

ఆ మాటతో జనమంతా తమ కాళ్ళ కిందున్న దుంగల వంక చూసుకున్నారు. తర్వాత ఒక్కొక్కరే తల పక్కకు తిప్పుకున్నారు. దుప్పులు తిప్పుకున్నాయి, కుందేళ్ళు తిప్పుకున్నాయి. ఐలేశం పూలదండ సర్దుకుంటూ నిలబడ్డాడు.

కాటమయ్య సాయమ్మ కోసం చూశాడు. ఆమె కళ్ళనిండా నీళ్ళున్నాయి. "అన్నా, నా మనవలు గిప్పుడే దాటి మేతకు వొయిండ్రే" అంది. అని ఆమె కూడా తల తిప్పుకుంది.

ఆయన వెనక్కి తిరిగి వంతెన దిగి, ఒడ్డు దిగి, వాగులో కాలు పెట్టాడు. నీళ్ళు పొట్ట దాకా వచ్చాయి. పాచి రాళ్ళ మీద జారుతూ, నిలదొక్కుకుంటూ, వంతెన కింద నుంచి ఇంటి వైపు నడిచాడు. పైన ఎవరూ కిందికి చూడలేదు. చూస్తే ఏడుపొస్తుందని అందరికీ తెలుసు.

ఇంతలో నాగలింగం పిడికిలి ఎత్తి, "జోహార్ కాటమయ్యా!" అన్నాడు.

"జోహార్! జోహార్!" అని వంతెన అదిరిపోయేలా అరిచారు జనం.

నీతి: మంచి నాయకుణ్ణి జనం కలకాలం గుండెల్లో పెట్టుకుంటారు, ఆయన మళ్ళీ బయట కనబడకపోతేనే.