భద్రంగా దాచిన జోలపాట

ఆ ఆదివారం పొద్దున్న అనుకున్నది చిన్న పనే. గాజువాకలోని ఆ ఇంట్లో పాపను మొదటిసారి ఉయ్యాలలో వేయాలి. వేసేటప్పుడు, నిరుడు చనిపోయిన నానమ్మ దీవెనమ్మ పాడిన జోలపాట వినిపించాలి. ఆరాధన ముగించుకుని పాస్టరు గారు వచ్చేస్తారు. పాట పాప తండ్రి మైఖేల్ లాప్‌టాప్‌లో భద్రంగా ఉంది.

మరీ భద్రంగా ఉంది. మధురవాడలో కంపెనీల డేటా కాపాడే ఉద్యోగం అతనిది. అమ్మ పోయిన వారంలోనే, పాట పరాయివాళ్ల చేతుల్లో పడకూడదని అందరి ఫోన్లలోంచి తీసేసి, తన దగ్గరున్న ఒక్క ఫైలుకూ పొడవాటి పాస్‌వర్డ్ పెట్టాడు. ఏం పెట్టాడో ఇప్పుడు గుర్తు లేదు. ఆ వారం అన్నం తిన్నాడో లేదో కూడా గుర్తు లేదు.

పాస్‌వర్డ్ వెతికే సాఫ్ట్‌వేర్ తెరిచాడు. ఇంత పొడవుదైతే కొన్ని వందల ఏళ్లు పడుతుందని అది చెప్పింది.

"అప్పటికి పాపకి పెళ్లయిపోద్ది కదరా," అన్నాడు మైఖేల్ తండ్రి సత్యం. పోర్టులో క్రేను నడిపి రిటైరైన మనిషి.

"తెలిసిన పేర్లు ఇస్తే తొందరగా దొరుకుద్దేమో నాన్నా."

అక్సా పాపనెత్తుకుని భర్త వెనక నిలబడింది. "నా పేరు కొట్టి చూసేవా?"

"చూశాను. కాదంట."

"అత్తయ్య పేరు?"

"అదీ కాదు. ఇష్టమైనోళ్ల పేర్లు పెట్టొద్దని ఆఫీసులో నానే క్లాసు చెప్తాను."

"ఓహో! మరి నువ్వు కొట్టిన పేర్ల లిస్టులో ఈ అనూరాధ ఏటి, నా పేరు కన్నా పైనుంది?"

"తొమ్మిదో క్లాసు లెక్కల మేడమే! బెత్తంతో వాయించేసేది, అందుకే గుర్తొచ్చింది."

"వాయించినోళ్లు గుర్తుంటారు. వండి పెట్టినోళ్లు గుర్తుండరు."

గొంతులు పెరిగేసరికి పాప ఏడుపందుకుంది. పొయ్యి మీద పాలు పొంగాయి. వాటి కోసం పరిగెత్తిన మైఖేల్ కాలికి చుట్టుకుని వైరు ఊడింది, బ్యాటరీ పాడైన లాప్‌టాప్ ఆరిపోయింది. వందల ఏళ్ల పని మళ్లీ మొదటికొచ్చింది.

అతను గోడకానుకుని నేల మీద కూలబడ్డాడు. "పాప కోసం కాదు నాన్నా. నాకే వినాలనుంది. అమ్మ గొంతు మర్చిపోతన్నాను."

సత్యం లాప్‌టాప్‌ని పక్కకు నెట్టేశాడు. "ఆ మిషన్ని ఒగ్గీరా," అన్నాడు.

పాపను ఉయ్యాలలో పడుకోబెట్టి, ఎన్నడూ పాడని ఆ మనిషి గరగరలాడే గొంతుతో జోల అందుకున్నాడు. రాగం తప్పింది. కానీ దీవెనమ్మ ఊపిరి తీసుకునే చోటల్లా ఆగాడు. రెండో చరణం ముందు ఆమెలాగే చిన్నగా దగ్గాడు. అక్సా వచ్చి భర్త పక్కన చతికిలబడింది.

కాసేపటికి పాస్టరు గారు గుమ్మంలోంచి తొంగిచూశారు. "పాప పడుకుందా అమ్మా?"

అక్సా పెదవుల మీద వేలు పెట్టుకుంది.

"పాప ఆడుకుంటందండి. మెల్లగా మాట్లాడండి, మా ఆయనకి మెలకువొచ్చేస్తది."