గిటారుకి గ్రీజు

తప్పు మీదే! తప్పుగా వాయిస్తున్నాడని తెలిసీ ‘వాహ్ దాదా!’ అని బల్లలు గుద్దిన వర్క్‌షాపు మిత్రుల్లారా, తప్పంతా మీదే. మీ చప్పట్లు తిని తిని జగ్గారావు వేళ్ళు బలిశాయి. అతని పెళ్ళాం చిలకమ్మ చెవులు చిక్కిపోయాయి.

రైల్వే కాలనీ అయిన ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో ఈ ఫిట్టర్ని మెయిలు జగ్గారావు అంటారు. తిండైనా, సైకిలైనా మెయిలు బండే. అలాంటివాడికి ఆంగ్లో-ఇండియన్ రైలు గార్డు విల్‌ఫ్రెడ్ ఇంటికొచ్చి ఒక పాట నేర్పి, తన పాత గిటారు అక్కడే పెట్టి, షరతు చెప్పాడు.

“విశ్వకర్మ పూజ ముందు ఆదివారం వస్తా. పాట చివరిదాకా ఏ చేతిలో పలికితే గిటారు ఆ చేతిదే. పలక్కపోతే పట్టుకుపోతా. ధీరే ధీరే వాయించు, జగ్గూ.”

మెల్లగా అన్న ఆ ‘ధీరే’ జగ్గారావు చెవిలో దిగలేదు. డ్యూటీ నుంచి రాగానే పాటని మొదట్నించీ దౌడు తీయించేవాడు. నడిమిలో ఒక మలుపుంది. సరిగ్గా అక్కడే పట్టాలు తప్పేవాడు. మళ్ళీ మొదటికి. మళ్ళీ అక్కడే.

“ఏటి మావా, రోజూ ఒక్క సోటే పడతన్నావు? అక్కడేటున్నాది?” అంది చిలకమ్మ, బియ్యంలో రాళ్ళు ఏరుతూ. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే తెలుసుకోవాలని.

“స్పీడు సాల్లేదు!”

“పడిన సోట నెమ్మదిగా నడవాల గానీ, పరిగెడితే మళ్ళీ పడవా?”

“నీకేటి తెలుసే? ఇది సంగీతం. అంబలి కాదు.”

“అంబలైనా ఉండ కట్టిన సోటే కలుపుతాం మావా. కుండంతా మళ్ళీ కాయం.”

పూజ దగ్గరపడింది. ఒకరోజు గిటారు మెడ మీద నాలుగు పసుపు చుక్కలు కనిపించాయి. జగ్గారావు వంగి చూశాడు, వాసన చూశాడు. నాలుగే ఎందుకు? అంత వంకరగా ఎందుకు?

వెంటనే వెలిగింది. పూజకి వర్క్‌షాపులో మిషన్లకీ సుత్తులకీ బొట్లు పెడతారు కదా! పెళ్ళాం గిటారుకి పెట్టింది. ఆహా, ఏం భక్తి!

మరి బొట్టు పెట్టిన పనిముట్టుకి నూనె పెట్టకపోతే విశ్వకర్మ ఊరుకుంటాడా? పైగా గ్రీజు పూస్తే చక్రమే పరుగెడుతుంది, వేలు పరుగెత్తదా? శనివారం చారెడు గ్రీజు తెచ్చాడు. చిలకమ్మ కుళాయికి వెళ్ళగానే తీగలకీ మెడకీ దిట్టంగా పట్టించి, పైన గుడ్డ కప్పేశాడు.

ఆదివారం విల్‌ఫ్రెడ్ తెల్ల ప్యాంటులో వచ్చాడు. జగ్గారావు బండి కదిలించాడు. మొదటి వేలు జారింది. రెండోది జారి మూడోదాన్ని గుద్దింది. మలుపు రాకముందే గిటారు ఒళ్ళోంచి జర్రున జారి, దొర ప్యాంటు మీద హాల్టయింది.

“జగ్గూ! యే క్యా హై?”

“గ్రీజు, దొరా…”

“నా సుక్కలేవీ?” చిలకమ్మ కేక పెట్టింది.

“నీ బక్తి మెచ్చే కదే రాసినాను!”

“బక్తేటి మావా! నువ్వు పడిపోయే మలుపులో ఏ యేలు ఎక్కడెట్టాలో గురుతులెట్టుకున్నాను!”

“గురుతులా? ఎవులికి?”

చిలకమ్మ శనగపిండి తెచ్చి, పసిపిల్లకి నలుగు పెట్టినట్టు గిటారు జిడ్డంతా వదలగొట్టింది. గోడకి ఆనుకుని కూర్చుని వాయించింది. గూడ్సు బండి నడక. మలుపులో మరీ నెమ్మది. కానీ పట్టాలు తప్పలేదు. చివరి స్టేషను చేరింది.

“ఎప్పుడు నేర్సినావే?” జగ్గారావు నోరు తెరిచాడు.

“దొర నీకు నేర్పినప్పుడు సూసినాను. నువ్వు డ్యూటీకెళ్ళినాక వాయించినాను. రోజూ అన్నం ఉడికినంతసేపు. ముందు ఆ నాలుగు సోట్లే. అయి కుదిరినాకే మిగతా పాట.”

విల్‌ఫ్రెడ్ ప్యాంటు మరక మరిచిపోయాడు. గిటారు ఆమె ఒళ్ళోనే వదిలేసి, టోపీ తీసి మరీ వెళ్ళాడు.

జగ్గారావు గోడకి చెప్పినట్టు గొణిగాడు. “ఆ మలుపు… నాకూ సూపిస్తావేటి?”

“ముందు సబ్బెట్టి సేతులు కడుక్కునిరా.”

కాబట్టి మిత్రుల్లారా, పూజలో చిలకమ్మ వాయిస్తుంది, నోరు మూసుకుని వినండి. జగ్గారావు మళ్ళీ పరుగు తీస్తే ‘వాహ్’ అన్నారో, ఖబడ్దార్! ‘ఆగు, ఆ నాలుగు చుక్కలే మళ్ళీ, మెల్లగా’ అనండి. వర్క్‌షాపు గ్రీజు డబ్బాకి తాళం వెయ్యండి. ఇవాళే!