మూడుసార్లు కాల్చిన మసి

ఆ ఉదయం మసిపాప వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదిన్నరకు పెట్టెలోని మసి మీద పది నిమిషాలు లేజరు కొట్టాలి, పెట్టె చల్లారనివ్వాలి, పదకొండుకు తనిఖీకి వచ్చే ఆయన ఎదుట మూత తీసి కొలవాలి. ఎప్పుడు చూసినా చేతులు నల్లగా ఉంటాయని ప్రయోగశాలలో ఆమెకు ఆ పేరు స్థిరపడిపోయింది.

ఆ మసి అల్లాటప్పా మసి కాదు. వెంట్రుక మందంలో యాభై వేలో వంతు ఉండే కార్బన్ నానోగొట్టాలు అందులో ఉన్నాయి, వాటి నిండా చెత్త బొగ్గూ ఉంది. లేజరు తగిలితే ముందు చెత్త కాలిపోతుంది. మోతాదు మించితే గొట్టాలూ దాని దారే పడతాయి. నూటికి తొంభై పాళ్లు శుద్ధి అని తేలితే ఆమె ఉద్యోగం మరో రెండేళ్లు. లేదంటే నెలాఖరుకి ఇంటికే.

పది నిమిషాలు కాగానే ఆమె స్విచ్చి ఆపి, కుర్చీలు సర్దడానికి పరుగెత్తింది. రిజిస్టరులో రాయలేదు. అక్కడ రాతలన్నీ శనివారం సాయంత్రమే, అందరూ కూర్చుని, గుర్తున్నంత మేరకు.

యంత్రాలు చూసుకునే బాబాయి వచ్చి, ఆపి ఉన్న స్విచ్చి చూశాడు. "పిచ్చిపిల్ల, కంగారులో మర్చిపోయింది" అని జాలిపడి పది నిమిషాలు కొట్టి వెళ్లాడు. తర్వాత ప్రయోగశాల నడిపే పెద్దాయన వచ్చాడు. "నేను చూసుకోకపోతే ఇక్కడ ఒక్క పనీ కాదు" అని విసుక్కుంటూ ఆయనా పది నిమిషాలు కొట్టాడు.

పదకొండుకు ఐదు నిమిషాలుందనగా ముగ్గురూ వరండాలో కలిశారు.

"అమ్మాయ్, నీ లేజరు పని నేను చేసేశాలే."

"అదేంటి బాబాయ్, నేను పొద్దున్నే కొట్టాగా!"

"నేనూ కొట్టానే!" అన్నాడు పెద్దాయన.

మసిపాప వేళ్ల మీద లెక్క వేసింది. "ముప్పై నిమిషాలా? పదిహేనుకే గొట్టాలు కూడా పోతాయి సార్!"

పెద్దాయన గొంతు తగ్గించాడు. "కంగారుపడకండి. ఎలాగోలా మసిపూసి మారేడుకాయ చేద్దాం."

"పూయడానికి మసేది సార్?" అన్నాడు బాబాయి.

అంతలో తనిఖీ ఆయన రానే వచ్చాడు. పెద్దాయన శుద్ధి అంటే అసలేమిటో ఉపన్యాసం ఎత్తుకున్నాడు. నాలుగు నెలల కష్టం బుగ్గి అయిపోయిందనుకుంటూ విన్న మసిపాప ఇక ఆగలేకపోయింది.

"అందులో ఏమీ లేదండీ. ఒకరికి తెలియకుండా ఒకరం మూడుసార్లు కాల్చేశాం."

తనిఖీ ఆయన పెట్టె మూత తీశాడు. మసి పెట్టింది పెట్టినట్టే ఉంది. వంగి చూస్తే, లేజరు మూతికి దుమ్ము పడకుండా పెట్టే టోపీ అలాగే ఉంది.

"ఇదెవరు తీయాలి?"

బాబాయి తీసి ఉంటాడని మసిపాప అనుకుంది. కొట్టేవాళ్లే తీస్తారని బాబాయి అనుకున్నాడు. అలాంటి టోపీ ఒకటుందని పెద్దాయనకు అప్పుడే తెలిసింది.

తనిఖీ ఆయన టోపీ తీసి, గడియారం చూసుకుంటూ తనే పది నిమిషాలు కొట్టాడు. చల్లారాక కొలిస్తే తొంభై మూడు. పొడిగింపు కాగితం మీద సంతకం పెట్టి, రిజిస్టరు తెమ్మన్నాడు.

ఆ రిజిస్టరులో శనివారం కాని రోజున పడిన మొదటి రాత ఆయనదే.