నలభై నాలుగు పుట్టినరోజులు

ఆ రోజు ఉదయం ప్రోగ్రామరు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి ఆఫీసు వెబ్‌సైటులో పుట్టినరోజుల పేజీ మొదలుపెట్టడం, తొమ్మిదింపావుకి నింపాదిగా కాఫీ తాగడం.

పేజీ పనీ చిన్నదే. డెబ్భైమంది ఉద్యోగుల పుట్టిన తేదీలు చదవాలి. ఎవరిది ఆ రోజైతే వాళ్ల పేరు హాల్లోని పెద్ద తెర మీద చూపించి, బేకరీకి ఆ పేరుతోనే ఒక కేకు ఆర్డరు పంపాలి. ఆఫీసు ఇల్లులా ఉండాలని మేనేజరుగారి ముచ్చట. ఏదైనా తేదీ అర్థం కాకపోతే పేజీ ఆగిపోకుండా దాని బదులు ఇవాళ్టి తేదీ వేసుకోమని ప్రోగ్రామరు ముందుజాగ్రత్తగా రాసిపెట్టాడు. ఆ జాగ్రత్తే కొంప ముంచింది.

రికార్డుల్లో రోజు ముందు, నెల తర్వాత ఉన్నాయి. అతని కోడు నెలే ముందనుకుని చదివింది. మేనేజరుగారు ఇరవయ్యేడో తారీఖున పుట్టారు. ఇరవయ్యేడో నెల ఎక్కడుందో తెలియక, ఆయన ఈరోజే పుట్టారని తేల్చేసింది. పన్నెండు దాటిన తారీఖుల్లో పుట్టిన అందరికీ అదే న్యాయం. తెర మీద నలభై నాలుగు పేర్లు వెలిగాయి.

పదింటికి బేకరీ వ్యాను వచ్చింది. నలభై నాలుగు కేకులు దిగాయి.

"నేను పుట్టింది మార్చిలో కదండీ!" అంది అకౌంటెంటు.

"పోనీలెండి, ఈసారి తొందరగా వచ్చింది," అన్నాడు పక్క సీటాయన, అప్పటికే రెండో ముక్క నోట్లో పెట్టుకుని.

ఆఫీసు ఊడ్చి తుడిచే పెద్దమ్మ ఒక్కతే నిలబడి కేకులు కోసి, పంచి, పళ్లేలు కడిగింది.

ఈలోగా బయట ఇంకో గొడవ మొదలైంది. గేటు దగ్గరి యంత్రమూ ఆ తేదీలనే చూసి వయసు లెక్కకడుతుంది. బ్యాంకుకు వెళ్లొచ్చిన మేనేజరుగారు కార్డు పెట్టగానే ఎర్ర దీపం వెలిగింది.

"పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లని రానివ్వదండీ," అన్నాడు కాపలాదారు. "మీరు పొద్దున్నే పుట్టినట్టుంది. పెద్దవాళ్లెవరినైనా తోడు తెచ్చుకోండి."

మేనేజరుగారు బయటినుంచే హాలు కిటికీలోకి కేకపెట్టారు. "ఏమయ్యా, నీ పేజీ తగలెయ్య!"

"తప్పు సార్! అందరి తేదీలూ తప్పే! ఇప్పుడే సరిచేస్తాను!" అని ప్రోగ్రామరు హాలంతా వినబడేలా అరిచి, కీబోర్డు మీద పడ్డాడు.

అరగంటలో గేటు తెరుచుకుంది. తెర మీద నలభై మూడు పేర్లు మాయమయ్యాయి. ఒక్క పేరు మాత్రం కదల్లేదు. అతను ఎన్నడూ వినని పేరు. తొమ్మిదో నెల, తొమ్మిదో తారీఖు. ఇటునుంచి చదివినా అటునుంచి చదివినా ఈరోజే. ఎవరో లేని మనిషి రికార్డు చేరిందనుకుని మూడింటిదాకా కోడంతా జల్లెడపట్టాడు. చివరికి, ఆఫీసులో అందరినీ ఎరిగిన మనిషని పెద్దమ్మను పిలిచాడు.

"పెద్దమ్మా, ఈ పేరుగలావిడ ఎవరో నీకేమైనా తెలుసా?"

ఆవిడ తడిచేతులు కొంగుకు తుడుచుకుంది. "నేనే బాబూ."

ప్రోగ్రామరు కుర్చీలోంచి లేచాడు. "మరి ఈరోజు..."

"అవును, ఈరోజే. పొద్దున తెర మీద నా పేరు చూసి ఎంత సంబరపడ్డానో! ఇంతలో అందరివీ తప్పే అన్నావుగా. నా పేరూ పొరపాటునే వచ్చిందేమోలే అనుకున్నా."

"నీ కేకేదీ?"

"కోసి పంచేశాను. లోపల గులాబీరంగుది. అందరూ బాగుందన్నారు."

హాలంతా వెతికినా పొడి తప్ప ఏమీ మిగల్లేదు. విషయం విన్న మేనేజరుగారు కాసేపు మెల్లగా తల గోక్కున్నారు. తర్వాత గదిలోకి వెళ్లి, పిల్లలకని బీరువాలో దాచుకున్న తన కేకు తెచ్చి, దాని మీది తన పేరును స్పూనుతో గీకేశారు. ప్రోగ్రామరు చాకు అందించాడు. పొద్దుట్నుంచి నలభై మూడు కేకులను చకచకా కోసిన చెయ్యి ఈసారి చాలాసేపు ఆగింది. మొదటి ముక్క ఆవిడ అతని నోట్లోనే పెట్టింది.

"నీ పేజీ మంచిదే బాబూ," అంది. "కాస్త తొందరెక్కువ, అంతే."

మర్నాడు మేనేజరుగారు కొత్త ఉత్తర్వు అంటించారు: ఇకమీదట ఏ కాగితం మీదైనా నెల పేరును అక్షరాల్లోనే రాయాలి. సంతకం కింద తేదీ 10/9 అని వేశారు.