మైక్రో కన్నా మినీ చిన్నది

కంప్యూటర్లలో ఉండే చిన్న చిన్న మదర్‌బోర్డులకు సైజుల పేర్లు పెట్టిన మహానుభావులకు మన జిల్లాలో పౌరసన్మానం జరగాలి. నవ్వకండి! సైజు తెలిసిపోతే మనిషి ఏం చేస్తాడు? కొనుక్కుని ఇంటికెళ్లి పడుకుంటాడు. తెలియకపోతేనే కదా నలుగురిని అడుగుతాడు, బస్సెక్కుతాడు, వాదిస్తాడు, మొత్తానికి బతికున్నట్టు కనిపిస్తాడు! నమ్మకం లేకపోతే అల్లూరు ముత్యాలయ్య సంగతి వినండి.

ముత్యాలయ్యకు ఊరి బయట రెండు రొయ్యల గుంటలున్నాయి. రెంటికీ మధ్య అర కిలోమీటరు దూరం. నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో చూడటం, తగ్గితే నీళ్లు చిలికే ఏరేటర్లు తిప్పడం, కరెంటు పోతే జనరేటర్లను లేపడం, ఈ చాకిరీ అంతా షెడ్డు గోడకు బిగించిన ఒక చిన్న కంప్యూటర్ పెట్టె చేసేది. ఉప్పుగాలికి అందులో మదర్‌బోర్డు తుప్పు పట్టి చచ్చిపోయింది. రొయ్యలు పట్టడానికి ఇంకా పన్నెండు రోజులున్నాయి. అప్పటిదాకా ఒక గుంట దగ్గర ఆయన, ఇంకో గుంట దగ్గర ఆయన భార్య పుష్పకుమారి కాపలా. ఏరేటర్లు ఒక్క అరగంట ఆగితే చాలు, మూడు నెలల కష్టం నీళ్ల మీద తేలుతుంది.

పెట్టె చిన్నది కాబట్టి బోర్డూ చిన్నదే కావాలి. ముత్యాలయ్య ఇంతవరకు సరిగ్గానే ఆలోచించాడు. నెల్లూరులో కంప్యూటర్ సామాన్లు అమ్మే పర్వేజ్‌కు ఫోన్ చేశాడు.

"మినీనా, మైక్రోనా అన్నా?" అని అడిగాడు పర్వేజ్.

మినీ బస్సులో ముప్పై మంది పడతారు. మైక్రోస్కోపులో పెట్టి చూసేది కంటికి కనపడని క్రిమిని. ఏది చిన్నదో పసిపిల్లలైనా చెబుతారు! ముత్యాలయ్య ధీమాగా మైక్రో అన్నాడు. మర్నాడు బస్సులో పార్సిల్ దిగింది. విప్పి చూస్తే అన్నం తినే పళ్లెమంత పలక!

దీన్ని మోసమనకండి. ఇది అంతర్జాతీయ ప్రమాణం! ఆ లోకంలో మైక్రో కన్నా మినీ చిన్నది. మినీ కన్నా నానో చిన్నది, నానో కన్నా పీకో చిన్నది. ఇక్కడికి ఏదో అర్థమైందని సంబరపడేలోపు ఇంకో రకం మినీ ఎదురవుతుంది, అది మైక్రో కన్నా పొడుగు. ఇంతటి స్వేచ్ఛ ఏ రాజ్యాంగంలో ఉందో చెప్పండి.

"పాతదాన్ని ఊడదీసి సంచిలో ఏసుకోని పోవయ్యా. ఆ అబ్బాయికి చూపిస్తే అంతదే ఇస్తాడు గదా" అంది పుష్పకుమారి.

"పాతది మోసుకుంటా తిరిగేదానికేనా ప్రమాణాలు పెట్టినారు? లోకం నవ్వతాది పుష్పా!" అన్నాడు ముత్యాలయ్య. లోకం మీద ఆయనకున్న గౌరవం అలాంటిది.

ఈసారి ఆయనే నెల్లూరు వెళ్లాడు. పర్వేజ్ మంచివాడు. పేర్లతో వచ్చిన తిప్పలు చూసి అంకెల్లోకి దిగాడు.

"పేర్లు వదిలెయ్ అన్నా. ఇది పదిహేడు. నీకు పంపించింది ఇరవై నాలుగు. పైన అరలో ఉండేది ముప్పై."

అంకెలనేసరికి ముత్యాలయ్యకు ప్రాణం లేచొచ్చింది. రొయ్యల వ్యాపారంలో అన్నీ అంకెలే. కిలోకు ముప్పై తూగితే ముప్పై కౌంటు, అంటే పెద్ద రొయ్య. వంద తూగితే వంద కౌంటు, అంటే పిల్ల రొయ్య. అంకె పెరిగేకొద్దీ సరుకు చిన్నది! ఇరవై ఏళ్లుగా ఆయన చూస్తున్న లోకం ఇదే.

"ముప్పై ఇయ్యి" అన్నాడు.

"పెట్టె చిన్నదంటివి గదన్నా?"

"అందుకే గదా ముప్పై అడిగింది! కౌంటు గురించి నాకు చెప్తావా?"

పర్వేజ్ నిచ్చెన ఎక్కి ముప్పై దించాడు. డబ్బా అంత పెద్దగా ఉంటే అనుమానం రాలేదా అంటారేమో. రాలేదు! రొయ్యల పెట్టెలో రొయ్యకన్నా ఐసే ఎక్కువుంటుంది. ఇంటికొచ్చి విప్పితే చేటంత బోర్డు బయటపడింది.

ఇంతమందికి మేలు జరుగుతుంటే మీరింకా గందరగోళం అంటున్నారా? నెల్లూరు దారిలో కొడవలూరు దగ్గర టీ అంగడికి ముత్యాలయ్య ఖాతాదారుడైపోయాడు. ఏ బోర్డు ఏ పెట్టెలో పడుతుందో వీడియోలు చేసే కుర్రాళ్లకు ఉపాధి, ఆ వీడియోల కింద ఒకరినొకరు తిట్టుకునే వేలమందికి కాలక్షేపం. పదేళ్లుగా మేత గురించి తప్ప మాట్లాడుకోని భార్యాభర్తలు నానో అంటే ఏమిటో గంటసేపు పోట్లాడుకున్నారు. ఏ కౌన్సెలింగు చేయగలదు ఈ పని?

మూడోసారి బయల్దేరిన రోజుకు మబ్బు పట్టి మూడు రోజులైంది. మబ్బుకు నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది.

"ఈ పొద్దు పోబాకయ్యా" అంది పుష్పకుమారి.

"మధ్యానానికి వచ్చేస్తా" అని వెళ్లాడు.

అంగట్లో ఇరవై నిమిషాలు వాదన నడిచింది. చేటంత ముప్పైని చూశాక కూడా పదిహేడు ఎలా చిన్నదవుతుందని ఈయన, ముప్పై ఎలా చిన్నదవుతుందని అతను. చివరికి పర్వేజ్ విసుగెత్తి సీలు చింపి, పదిహేడును తీసి ఆయన అరచేతిలో పెట్టాడు. జానకన్నా చిన్న పలక. పెట్టెలో ఉన్న పాతదానికి అచ్చం కవల.

"ఇది మినీనా?"

"మినీనే అన్నా. సెంటీమీటర్లు పదిహేడు."

"సెంటీమీటర్లని ముందే చెప్పకూడదా?"

ఫోన్ మోగింది. పుష్పకుమారి రొప్పుతోంది.

"కరెంటు పోయింది. మొదటి గుంట కాడ జనరేటర్ లేపేదానికే అరగంట పట్టింది. రెండోదాని కాడికి పరిగెత్తతా ఉండా. ఈడినుంచే కనపడతా ఉండాయి, రొయ్యలు పైకి తేలతా ఉండాయి. నువ్వు యాడుండావయ్యా?"

ఆయన చేరేసరికి రెండో గుంట ఒడ్డు పొడుగునా చచ్చిన రొయ్యలు తెట్టు కట్టి ఉన్నాయి. పుష్పకుమారి మోకాళ్లదాకా బురదతో గట్టు మీద కూర్చుని ఉంది. ఆయన్ని చూసి ఖాళీ గంపను ముందుకు తోసింది. తిడితే బాగుండుననిపించి ముత్యాలయ్యకు ఏడుపొచ్చింది.

పొడవు ఇన్ని సెంటీమీటర్లని డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఒక్క ముక్క రాస్తే ఎవరి సొమ్ము పోయేది? పేరు పెట్టినవాడు ఏ షెడ్డులోనూ స్క్రూ బిగించడు, ఏ గట్టు మీదా పరిగెత్తడు. అందుకే ఆ పేరు అంత ముద్దుగా ఉంటుంది.

చచ్చిన రొయ్యలను ఎత్తిపోయడానికి రెండు రోజులు పట్టింది. ఆ తర్వాత ముత్యాలయ్య కొత్త బోర్డు బిగించాడు. నాలుగు స్క్రూలూ నాలుగు రంధ్రాల్లోకి ఇట్టే దిగాయి. తెర వెలిగింది. రెండో గుంటలో ఆక్సిజన్ బ్రహ్మాండంగా ఉందని పచ్చటి అంకెల్లో చూపించింది. పీల్చేవి లేవు మరి!