మేస్త్రికి సిఫారసు

ఎనభై ఏడు జూన్‌లో ఒక ఉదయం. కాలిన మోటారు ఒకదానికి పదింటిలోగా కొత్త తీగ చుట్టేసి, ఆ తర్వాత ఇంటికి ఉత్తరం రాయాలన్నది ధన్‌సింగ్ పథకం. బీఏ పాసై నాలుగేళ్లు ఆఫీసుల మెట్లు అరగదీసినా అతనికి కొలువు దొరకలేదు. వైరాలో బషీర్ నడిపే నీళ్ల మోటార్ల రిపేరు దుకాణంలో పని దొరికింది. రెండేళ్లలో చుట్టుపక్కల ఊళ్లకు పెద్ద మేస్త్రి అయ్యాడు. దమ్మపేట దగ్గరి తండాలో ఉండే తండ్రి హాతీరాంకు మాత్రం వైరా నీళ్ల ఆఫీసులో ఆఫీసరునని రాస్తున్నాడు.

ఉత్తరం మొదలుపెట్టకముందే తండ్రే వచ్చాడు. దుకాణం ముందర దమ్మపేట బస్సు ఆగింది. టాపు మీంచి మోటారు దింపిస్తున్నాడు హాతీరాం. పక్కన వాళ్ల ఊరి సర్పంచు భద్రయ్య. ధన్‌సింగ్ వెనక గదిలోకి దూకాడు.

"మేస్త్రి ఉన్నడా? నారుమడి ఎండిపోతున్నది" అన్నాడు హాతీరాం.

"ఉన్నడు గని, లైన్ల పదకొండు మోటార్లున్నయ్. వారం పడతది" అన్నాడు బషీర్.

"వారమా! నారు గడ్డి అయితది!"

"నీ కొడుకు ఆఫీసరే గదా, ఒక్క మాట చెప్పియ్యరాదు? నడువు, ఆఫీసుకు పోదాం" అన్నాడు భద్రయ్య.

ఆఫీసుకు వెళితే కొంప మునిగినట్టే. ధన్‌సింగ్ నూనె చేతులతోనే తెల్ల చొక్కా తగిలించుకుని, వెనక తలుపు దాటి, సందు చుట్టి ముందు వైపు తేలాడు.

"బాపూ! నువ్వెప్పుడొచ్చినవ్?"

"దేవునోలె వచ్చినవ్ బిడ్డా! లోపల మేస్త్రి ఉన్నడట. ఆఫీసరువు గదా, జర చెప్పు."

బషీర్ నవ్వాపుకోలేక గోడవైపు తిరిగాడు.

ధన్‌సింగ్ వెనక గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. బయట చెవులు రిక్కించి ఉంటారని తెలుసు. "మేస్త్రీ, మా బాపు మోటారు జర జల్దీ చెయ్యిన్రి" అన్నాడు మర్యాదగా. మేస్త్రి వెంటనే ఒప్పుకుంటే అనుమానం వస్తుందని గొంతు లావు చేసి తానే జవాబిచ్చాడు.

"ఏ ఆఫీసరైతే నాకేంది? లైన్ల నిలబడు!"

"జర దయ చూపిన్రి."

"నీ బీఏ తీస్కపోయి పొయ్యిల పెట్టు!"

ఆ మాట నోటికి ఎలా వచ్చిందో ధన్‌సింగ్‌కే తెలియదు. చాలాకాలంగా లోపల ఉన్నదే అయ్యుంటుంది.

తలుపు ధడేల్మంది. "ఎవడ్రా నా కొడుకును తిట్టింది?" అంటూ హాతీరాం కర్ర ఎత్తుకుని వచ్చాడు. గదిలో కొడుకు ఒక్కడే నిలబడి ఉన్నాడు.

"మేస్త్రి ఏడి?"

"నేనే బాపూ."

"మరి ఆఫీసరు?"

"ఆయన లేడు బాపూ. మొదటి సంది లేడు."

కర్ర అలాగే గాల్లో ఉంది. వెనక భద్రయ్య వింటున్నాడు. సాయంత్రానికి తండా అంతా వింటుంది. హాతీరాం కొడుకు చేతులను చూశాడు, గది నిండా ఉన్న మోటార్లను చూశాడు.

"గివన్నీ నీకోసమే ఆగినయా?"

"అవ్ చాచా" అన్నాడు బషీర్ గుమ్మంలోంచి. "రెండు ఆఫీసర్లయి గూడ ఉన్నయ్. వాళ్లు గూడ లైన్లనే ఉన్నరు."

కర్ర దిగింది. "మరి ఆ ముక్క ఉత్తరంల రాయొద్దురా, బేవకూఫ్!"

భద్రయ్య గొంతు సవరించుకున్నాడు. "హాతీరాం, మా మోటారు గూడ జర మొరాయిస్తున్నది..."

"చూద్దాం సర్పంచ్ సాబ్" అన్నాడు హాతీరాం, కొడుకు స్టూలు లాక్కుని కూర్చుంటూ. "మావోనికి తీరికుండాలె గదా."

మర్నాటికి నారుమడిలో నీళ్లు పారాయి. ఆ వానాకాలమంతా దమ్మపేట దిక్కున మోటారు కాలినవాళ్లు ముందుగా హాతీరాంను కలవాల్సి వచ్చింది. ఆయన మాత్రం ఎవరికీ తేలిగ్గా దొరికేవాడు కాదు.