దర్జీ మరిదికి దొరికిన కొత్త మాట

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి, వీధిలోకి వినిపించేలా చెప్పే కథ కాదిది.

మా చిన్న మరిది దర్జీ. ఆ పొద్దున ఆసుపత్రిలో సూదిమందు వేసే నర్సమ్మ కొడుకు కోటు పూర్తి చేసి ఇవ్వాలి. మధ్యాహ్నం బస్సుకి ఆ అబ్బాయి మొదటి ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్తున్నాడు. ఉన్నది ఆ కోటొక్కటే. రేడియోలో ఎవరో పెద్దాయన స్వీయస్పృహ అనే మాట చెప్పకపోతే అంతా సవ్యంగానే జరిగేది. మనమేం చేస్తున్నామో మనకే తెలిసి ఉండడమట. మాట మంచిదే. కానీ మరిది దాన్ని "నాకు" అని మొదలుపెట్టలేదు, "నీకు" అనే మొదలుపెట్టాడు.

"నీకు స్వీయస్పృహ లేదే. పాలు పొయ్యి మీద పెట్టి ఎటో చూస్తుంటావు," అన్నాడు భార్యతో, మిషను తొక్కుతూనే వెనక్కి తిరిగి.

"మీరు ముందు సూది వైపు చూడండి," అంది నా తోడికోడలు.

"నా చేతులకి కళ్లున్నాయిలే."

అలా తిరిగినప్పుడే అతని వదులు చొక్కా వెనక అంచు సూది కిందికి జారింది. చొక్కా, కోటు కలిపి చక్కగా కుట్టేసి, చూడకుండానే దారం తెంపి, గుండీల కోసం లోపలికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి మిషను మీద కోటు లేదు.

"ఎక్కడ సర్దావే?"

"ఏమండీ, మీ వెనక..."

"నా వెనక సంగతి కాదు, నీ లోపలి సంగతి చూసుకో."

"సరే, చూసుకుంటా," అని ఆవిడ గుమ్మంలో తీరిగ్గా కూర్చుంది.

మరిది ఎదురు కొట్టుకి పోయి ఇస్త్రీ అతన్ని నిలదీశాడు. "నీకు స్వీయస్పృహ తక్కువ. మా కోటు నీ మూటల్లో కలిపేసుంటావు." పాపం అతను ఇస్త్రీ చేసిన బట్టలన్నీ విప్పి చూపించాడు. మరిది వెళ్లబోతుంటే వెనక వేలాడుతున్న కోటు అతనికి కనబడింది.

"అన్నా, ఒక్కసారి వెనక్కి చూసుకో."

"నేను వెనక్కి చూసే మనిషిని కాదు."

ఇంతలో నర్సమ్మ వచ్చింది. "కోటు పోయిందమ్మా, ఎవడో స్వీయస్పృహ లేనివాడు..." అని మరిది మొదలుపెట్టాడు. ఆవిడ అతని వెనక్కి వెళ్లి కత్తెర అందుకుంది.

"కదలకండి. ఇంజెక్షను కాదులెండి."

చొక్కా అంచు తెగింది కానీ కోటుకి ఏమీ కాలేదు, గుండీలు పడ్డాయి, అబ్బాయికి బస్సు అందింది. చిరిగిన చొక్కాతో మరిది కుర్చీలో కూలబడ్డాడు.

"నాకే..." అని మొదటిసారి అనబోయాడు. వంటింట్లోంచి మాడు వాసన వచ్చింది. మొగుణ్ని చూస్తూ కూర్చున్న తోడికోడలు పాల మాటే మరిచిపోయింది.

ఆవిడ గిన్నె దించడానికి లోపలికి పరిగెత్తింది, మరిది చొక్కా విప్పి సూదిలో దారం ఎక్కించాడు.

గుర్తుపెట్టుకుని మీవాళ్లకీ చెప్పండి. చెప్పేముందు మాత్రం మీ చొక్కా అంచు ఒకసారి చూసుకోండి.